ఉద్యోగానికి తిరిగి వెళ్లే ముందు: పసిబిడ్డకు డే కేర్‌ను ఎలా ఎంచుకోవాలి

హనుమకొండ, వరంగల్, కాజీపేటల నుంచి రాసే తల్లులు, ఈమధ్య తండ్రులు కూడా, దాదాపు ఒకే మాట అడుగుతున్నారు. సెలవు అయిపోవస్తోంది, ఇంట్లో చూసుకునే పెద్దవాళ్లు లేరు, పాపను ఎక్కడ వదలాలి? చాలామంది ఏదో ఒక డే కేర్ పేరు చెప్పమంటారు. పేరు చెప్పడం వల్ల మీకు పెద్దగా మేలు జరగదు. ఈ ఏడాది చక్కగా నడిచిన చోటే, పాత ఆయమ్మలిద్దరు మానేస్తే, వచ్చే ఏడాదికి పూర్తిగా మారిపోవచ్చు. అందువల్ల పేరుకు బదులు, ఎంచుకునే పద్ధతిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఆరు నెలల బిడ్డ పగలంతా గడిపేది ఒక ఆయమ్మ చేతుల్లో. కాబట్టి ముందు ఆ మనిషిని చూడాలి, ఆమె మీద ఎంతమంది పిల్లల భారం ఉందో లెక్కపెట్టాలి. గోడల మీది బొమ్మలు, ఏసీ, కెమెరాలు ఆ తరువాతి సంగతి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- తల్లీబిడ్డల రక్షణ కార్డు, దాని జిరాక్స్ ప్రతులు. 6, 10, 14 వారాల టీకాలు పడినట్టు అందులో నమోదై ఉండాలి. తొమ్మిది నెలలు నిండాక వేయాల్సిన తట్టు, రుబెల్లా టీకా తేదీని కూడా ముందే గుర్తు పెట్టుకోండి.
- మీ పిల్లల డాక్టరు రాసిచ్చిన చీటీ. అందులో బిడ్డ ప్రస్తుత బరువు, పడని పదార్థాలు, జ్వరం వస్తే ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో స్పష్టంగా ఉండాలి.
- బిడ్డను తీసుకువెళ్లడానికి మీరు అనుమతించే ఇద్దరు ముగ్గురి ఫొటోలు, ఫోన్ నంబర్లు.
- ఒక థర్మామీటర్, ఒక చిన్న నోట్‌బుక్, పాలు తీసుకువెళ్లడానికి ఐస్ ప్యాక్ పెట్టే సంచి.
- సెలవు మంజూరు కాగితం. ఎందుకో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

1. తేదీలను వెనక్కి లెక్కపెట్టండి

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. అందులో ప్రసవానికి ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు. ఆ 8 వారాలూ ముందే వాడుకున్నవారికి ప్రసవం తరువాత మిగిలేది 18 వారాలే, అంటే బిడ్డకు నాలుగు నెలలు దాటుతుండగానే విధుల్లో చేరాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ పెట్టకూడదని డాక్టర్లు చెబుతారు కనుక, ఇలాంటి తల్లులకు డే కేర్ ఎంపికలో పాలను నిల్వ చేసే ఏర్పాటే అన్నింటికన్నా ముఖ్యమవుతుంది. మీరు ఏ వర్గంలోకి వస్తారో ముందే లెక్కేసుకుంటే, ఏ ప్రశ్నలు గట్టిగా అడగాలో తెలుస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజుల ప్రసూతి సెలవుతో పాటు, సర్వీసు మొత్తానికి 90 రోజుల శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. దాన్ని ఒక విడతకు 15 రోజులకు మించకుండా వాడుకోవాలి. మొదటి విడతను బిడ్డను డే కేర్‌కు అలవాటు చేసే రోజుల కోసం దాచుకోమని నా సలహా. చాలామంది దాన్ని పెద్ద పిల్లల పరీక్షల కోసం ఉంచుకుంటారు గాని, ఒక విడత ఇప్పుడు వాడినా అప్పటికి ఇంకా మిగులుతుంది.

వెతకడం చేరాల్సిన తేదీకి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఇంకో విషయం: ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో పిల్లలకు కొత్త ముఖాలంటే భయం మొదలవుతుంది, తల్లి కనుమరుగైతే ఏడుపు ఎక్కువవుతుంది. ఆరో నెలలో చేర్చగలిగితే అలవాటు పడడం కొంత సులువు. ఎనిమిదో నెల దాటాక చేర్చాల్సి వస్తే కంగారుపడనవసరం లేదు, అలవాటు చేసే రోజులను రెట్టింపు చేసుకోండి.

2. మీ దారిలో ఏమేం ఉన్నాయో రాసుకోండి

ముందు మీరు పనిచేసే చోటే అడగండి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సౌకర్యం కల్పించాలని చట్టం చెబుతోంది. విరామ సమయంతో కలిపి రోజుకు నాలుగుసార్లు తల్లి అక్కడికి వెళ్లి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు కూడా ఉన్నాయి. మడికొండ ఐటీ కంపెనీల్లోనైనా, గీసుగొండ దగ్గరి టెక్స్‌టైల్ పార్కులోనైనా, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా పనిచేసేవారు ఈ సౌకర్యం గురించి మానవ వనరుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. సంస్థ సొంతంగా నడపకపోయినా, దగ్గరలోని డే కేర్‌తో ఒప్పందం చేసుకోవడానికి వీలుంది.

ప్రభుత్వం వైపు చూస్తే, మిషన్ శక్తి కింద పాల్నా అనే పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను పగలు చూసుకునే కేంద్రాల కోసం దాన్ని పెట్టారు. అంగన్‌వాడీలతో కలిపి నడిపే కేంద్రాలు ఇందులో భాగం. మీ వాడలో అలాంటిది ఉందో లేదో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగితే చెబుతారు. వరంగల్, హనుమకొండ రెండు వేర్వేరు జిల్లాలు కాబట్టి మీ ఇల్లు ఏ జిల్లా కిందికి వస్తుందో చూసుకొని సరైన కార్యాలయానికి వెళ్లండి. మామూలు అంగన్‌వాడీ కేంద్రం డే కేర్‌కు సమానం కాదు. ఆరు నెలల బిడ్డను సాయంత్రం దాకా ఉంచుకునే ఏర్పాటు అక్కడ సాధారణంగా ఉండదు.

ఇక ప్రైవేటు డే కేర్‌లు. ఇంటికి దగ్గరగా ఉండాలా, ఆఫీసుకు దగ్గరగా ఉండాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. తల్లిపాలు సాగుతున్నంత కాలం తల్లి పనిచేసే చోటికి దగ్గరగా ఉండడమే మేలని నా అభిప్రాయం. మధ్యాహ్నం ఒక్కసారి వెళ్లి పాలిచ్చి రాగలిగితే, నిల్వ చేసే పాల బెడద సగం తీరుతుంది. అయితే మన దగ్గర చాలామంది తల్లులు టీచర్లుగానో, బ్యాంకు ఉద్యోగులుగానో పరకాల, నర్సంపేట, జనగామ వైపు రోజూ వెళ్లి వస్తుంటారు. బస్సులోనో రైలులోనో బిడ్డను రోజూ అంత దూరం తిప్పడం మంచిది కాదు. అలాంటప్పుడు ఇంటి దగ్గరి డే కేర్‌ను ఎంచుకోండి. కాని పిలిస్తే ఇరవై నిమిషాల్లో చేరుకోగలిగిన మనిషి, తండ్రి గాని, నాయనమ్మ గాని, నమ్మకమైన స్నేహితురాలు గాని, ఊళ్లో ఒకరు తప్పకుండా ఉండాలి.

డే కేర్ కుదరకపోతే మరో మార్గం ఉంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న రెండు కుటుంబాలు కలిసి ఒక మనిషిని పెట్టుకొని, ఒక ఇంట్లోనే ఇద్దరు పిల్లలను చూడమనవచ్చు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆమెకూ వర్తిస్తాయి. ఆమెకు జ్వరం వచ్చిన రోజు ఏం చేయాలన్నది మాత్రం మీరు అదనంగా ఆలోచించుకోవాలి.

3. ఫోన్ చేసి సగం వడకట్టండి

అన్ని చోట్లకూ వెళ్లి తిరగాల్సిన పని లేదు. ఫోన్‌లోనే ఇవి అడగండి: ఈ వయసు బిడ్డను తీసుకుంటారా? ఏడాది లోపు పిల్లలు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్లను చూసేవారు ఎంతమంది? సాయంత్రం ఎన్ని గంటలకు మూసేస్తారు, ఆలస్యమైతే ఎవరు ఉంటారు? సెలవులు ఏవి?

సెలవుల ప్రశ్నను తేలికగా తీసుకోకండి. ప్లే స్కూల్‌కు అనుబంధంగా నడిచే డే కేర్‌లు చాలావరకు బడి సెలవులనే పాటిస్తాయి. బతుకమ్మ, దసరాకు బడి రోజుల తరబడి మూతపడుతుంది. బ్యాంకులో, ఐటీ కంపెనీలో, ఆసుపత్రిలో పనిచేసేవారికి దొరికేది ఒకటి రెండు రోజులు. సంక్రాంతి, ఎండాకాలం సెలవులు, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజులు కూడా అడిగి రాసుకోండి. ఆ రోజులకు అమ్మమ్మను పిలిపించుకోవాలన్నా ఇప్పుడే చెప్పి ఉంచాలి కదా.

పిల్లల సంఖ్యకు జవాబుగా "మా దగ్గర స్టాఫ్ చాలామంది ఉన్నారమ్మా" అంటే అది జవాబు కాదు. అంకె చెప్పమనండి. నడక రాని పిల్లలు ముగ్గురికి, మహా అయితే నలుగురికి ఒక మనిషి ఉండాలని నేను గట్టిగా చెబుతాను. అంతకన్నా ఎక్కువైతే ఎంత మంచి మనసున్న ఆయమ్మైనా ఒకరికి పాలు పడుతుండగా మరొకరిని ఏడుస్తూ వదిలేయక తప్పదు.

4. ఒకసారి చెప్పి వెళ్లండి, ఒకసారి చెప్పకుండా వెళ్లండి

ఈ మార్గదర్శినిలో మీరు ఒక్క మెట్టే పాటించగలిగితే ఇదే పాటించండి. మొదటిసారి చెప్పి వెళితే యజమాని మాట్లాడతారు, అన్నీ చూపిస్తారు. అది కూడా అవసరమే. రెండోసారి చెప్పకుండా, మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య అన్నం పెట్టే వేళకు గాని, సాయంత్రం నాలుగున్నర తరువాత గాని వెళ్లండి. పిల్లలూ అలసిపోయి, చూసేవాళ్లూ అలసిపోయి ఉండే ఆ సమయంలోనే అసలు తీరు బయటపడుతుంది. పేరెంట్స్ ఎప్పుడైనా రావచ్చా అని మొదటిసారే అడగండి. గేటు దగ్గరే ఆపి, పిల్లలు డిస్టర్బ్ అవుతారు, ఫోన్ చేసి రండి అనే చోటును జాబితా నుంచి తీసేయండి. ముక్కు మొహం తెలియనివారిని లోపలికి రానివ్వకపోవడం సరైన జాగ్రత్తే. కాని పేరు, ఫోన్ నంబరు రాయించుకొని, వెంట ఒకరుండి చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు.

లోపల కనీసం అరగంట కూర్చోండి. ఏడ్చిన బిడ్డను ఎంతసేపటికి ఎత్తుకుంటున్నారో గడియారం చూసుకోండి. ఎత్తుకున్నప్పుడు బిడ్డ ముఖంలోకి చూసి పలకరిస్తున్నారా, మూటలా ఒక చోటి నుంచి మరో చోటికి మారుస్తున్నారా? పాలసీసాను దిండుకు ఆనించి బిడ్డ నోట్లో పెట్టి వెళ్లిపోతున్నారా? ఇది చూశారంటే ఇక మరేమీ చూడనవసరం లేదు. అలా తాగే పాలు పొలమారి ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉంది. డైపర్ మార్చిన ఆయమ్మ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మరో బిడ్డకు ఉగ్గు పెట్టిందా? కడుక్కోవడానికి కుళాయి, సబ్బు డైపర్ మార్చే చోటికి దగ్గరలో ఉన్నాయా? అవి దూరంగా ఉంటే రోజుకు ఇరవై సార్లు ఎవరూ లేచి వెళ్లరు. టీవీ, సెల్‌ఫోన్ ఆన్‌లో ఉన్నాయా? రెండు మూడేళ్ల పిల్లలు పరుగెత్తే గదిలోనే పాకే పిల్లలు ఉంటే, మధ్యలో కనీసం ఒక అడ్డు ఉండాలి.

తరువాత ఆయమ్మతో విడిగా మాట్లాడండి. "ఎన్నేళ్ల నుంచి ఇక్కడ చేస్తున్నారమ్మా?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఆరు నెలలకోసారి మనుషులు మారిపోయే చోట బిడ్డ ఎవరికీ అలవాటు పడదు. ఆయమ్మలు ఎందుకు నిలవడం లేదని విచారిస్తే చాలాసార్లు జీతం దగ్గరే ఆగుతుంది. రెండోది, "బిడ్డ గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేస్తారు?" ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, అరచేతి మడమతో రెండు భుజాల మధ్య ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. ఇది మార్చి మార్చి చేస్తూనే 108కు ఫోన్ చేయించాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గెలకకూడదు. ఆయమ్మకు ఈ క్రమం తెలియకపోతే అది ఆమె తప్పు కాదు. యజమాని నేర్పించలేదన్నమాట. నేర్పిస్తారా అని యజమానిని అడగండి.

సీసీ కెమెరా గురించి ఒక మాట. ఫోన్‌లో లైవ్ చూసుకోవచ్చని చెబితే తల్లిదండ్రులకు ఎక్కడలేని ధీమా వస్తుంది. కెమెరా ఉండడం మంచిదే, కాని డైపర్ మార్చే చోటు, నిద్రపోయే మూల దాదాపు ఎప్పుడూ దాని కంటికి ఆనవు. మీరు ఆఫీసులో పని చేసుకుంటూ రోజంతా చూడలేరు. పైగా ఆ లైవ్ చూసేవాళ్లు ఎవరెవరో కూడా అడగాలి. కెమెరా ఉందని మనిషిని చూడడం మానేయకండి.

5. ఇంటిని చూడండి

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి. కోతుల గుంపులు డాబాల మీద తిరిగే కాలనీలు హనుమకొండలో చాలా ఉన్నాయి కనుక కిటికీలకు, బాల్కనీకి గ్రిల్ లేదా జాలీ తప్పనిసరి. గేటు వీధికుక్కలు దూరకుండా మూసుకునేదై ఉండాలి. వాన నీళ్లు: 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన వానలకు నయీంనగర్ నాలా పక్క, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పల్లపు కాలనీలో కింది అంతస్తులో నడిచే డే కేర్ అయితే, అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి, వస్తే పిల్లలను పైకి చేర్చడానికి ఏర్పాటేమిటో యజమానిని అడగండి.

ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే ఊరు మనది. రేకుల షెడ్డులోను, పై అంతస్తులో నేరుగా డాబా కిందను పసిపిల్లల గది ఉండకూడదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుందో అడగండి. కూలర్ వాడితే అందులో నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తారో చూడండి, దోమలు అక్కడే పెరుగుతాయి.

పాకే బిడ్డకు అర బకెట్ నీళ్లు చాలు ప్రమాదానికి. బాత్రూం తలుపు బయటి నుంచి గడియ వేసి ఉండాలి, సంపు మూతకు తాళం ఉండాలి, వంటగదికి అడ్డు ఉండాలి. మంటలార్పే సిలిండర్ మీద ముల్లు పచ్చరంగులో ఉందో లేదో మీరే చూడండి. బయటికి పోవడానికి రెండో దారి ఉందా, ఉంటే దానికి తాళం వేసి బస్తాలు అడ్డం పెట్టారా అన్నది కూడా చూడాలి.

6. నిద్ర, పాలు, ఉగ్గు: ముందే మాట్లాడి రాసివ్వండి

ఏడాది లోపు బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా ఉండాలి, దిండ్లు, మెత్తని బొమ్మలు, వదులైన దుప్పట్లు దగ్గర ఉండకూడదు. మన ఇళ్లలో చీర తొట్టెల అలవాటు ఉంది, కొన్ని డే కేర్‌లలోనూ కడతారు. ఇంట్లో పక్కనే కూర్చొని ఊపడం వేరు. పదిమంది పిల్లలున్న చోట చీర మెడకు చుట్టుకున్నా ఎవరూ గమనించకపోవచ్చు. నిద్రపుచ్చడానికి ఊపినా, నిద్రపట్టాక కింద సమతలంగా పడుకోబెట్టాలని స్పష్టంగా చెప్పండి.

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల గదిలో 4 గంటల దాకా బాగుంటాయి. మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు గది అంతకన్నా వేడిగా ఉంటుంది కాబట్టి ఆ లెక్కను నమ్ముకోకుండా ఫ్రిజ్‌లోనే ఉంచమనండి. ఫ్రిజ్ లోపలి అరలో 4 రోజుల దాకా ఉంటాయి, తలుపు అరలో పెట్టకూడదు. సీసా మీద బిడ్డ పేరు, పిండిన తేదీ, సమయం రాసి అంటించండి. వేరే బిడ్డ పాలు మీ బిడ్డకు పట్టకుండా కాపాడేది ఆ చీటీయే. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చగా చేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడా మరిగి నోరు కాలుతుంది. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల్లోపు వాడాలి, లేదా పారేయాలి. బిడ్డ సీసా పట్టకపోతే గాబరాపడకండి, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టవచ్చు. అది ఆయమ్మకు వచ్చో లేదో మీ ముందే ఒకసారి పట్టించి చూడండి. డబ్బా పాలు వాడేవారు పొడిని ముందే కొలిచి, చిన్న డబ్బాల్లో వేసి ఇవ్వండి. పొడి తగ్గించి పల్చగా కలపడం వల్ల బిడ్డ బరువు పెరగకపోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఆరు నెలలు దాటాక ఉగ్గు ఇంటి నుంచే పంపడం మేలు. అంగన్‌వాడీలో బాలామృతం తీసుకునేవారు అది ఎంత, ఎలా కలపాలో రాసివ్వండి. ఏడాది లోపు తేనె నాకించవద్దని, ఆవుపాలు, గేదెపాలు తాగించవద్దని, పల్లీలు, శనగలు, ద్రాక్షపండ్ల వంటివి నాలుగేళ్ల దాకా గింజగా గాని పండుగా గాని ఇవ్వవద్దని అదే కాగితంలో చేర్చండి.

మందుల విషయంలో ఒక ప్రమాదం ఉంది. పారాసిటమాల్ చుక్కల మందు సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే మందు సిరప్‌గా 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుగా దొరుకుతుంది. సిరప్ లెక్కన చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడిపోతుంది. అందుకే మీ సీసానే పంపండి, మీకు ఫోన్ చేసి అడగకుండా ఏ మందూ వేయవద్దని రాసివ్వండి.

7. కాగితం మీద పెట్టించండి

నెల ఫీజు, అడ్వాన్సు, అది తిరిగి ఇచ్చే షరతులు, ఆలస్యానికి అదనపు రుసుము, మానేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నవి రాసి ఉండాలి. ఆయమ్మలు, డ్రైవర్లు, వాచ్‌మన్ అందరికీ పోలీసు వెరిఫికేషన్ జరిగిందా అని అడిగి, ఆ కాగితం చూడండి. మీరు పేరు రాసిచ్చినవారికి తప్ప, బంధువునని చెప్పుకొని వచ్చినా సరే, మరెవరికీ బిడ్డను ఇవ్వరాదు. బిడ్డ ఫొటోలను వాళ్ల ప్రచారానికి వాడవద్దనుకుంటే అది కూడా రాయించండి. జ్వరం ఉన్న బిడ్డను రానివ్వరా, రానిస్తారా అని అడగండి. రానివ్వబోమని చెప్పే చోటే మంచిది. మీకు ఒకరోజు ఇబ్బందైనా, మిగతా రోజులన్నీ ఆ నియమం మీ బిడ్డనే కాపాడుతుంది.

8. రెండు వారాలు అలవాటు చేయండి

మొదటి రెండు రోజులు మీరు బిడ్డతో గంట సేపు ఉండి ఇద్దరూ కలిసి రండి. మూడో రోజు పావుగంట పక్క గదిలోకి వెళ్లండి. ఆ తరువాత ఒక గంట, ఒక పూట ఆహారంతో సహా రెండు మూడు గంటలు, ఒక నిద్రతో కలిపి సగం రోజు, ఆపైన పూర్తి రోజు. ఏ మెట్టు దగ్గరైనా బిడ్డ బాగా ఇబ్బందిపడితే వెనక్కి ఒక మెట్టు దిగి, మరో రెండు రోజులు అక్కడే ఆగండి. రోజూ ఒకే ఆయమ్మ చేతికి ఇవ్వండి. బిడ్డ చూడకుండా జారుకోవద్దు. చెప్పి, ముద్దుపెట్టి, వెంటనే వెళ్లండి. ఏడుస్తోందని నాలుగుసార్లు తిరిగి రావడం వల్ల ఏడుపు పెరుగుతుంది.

సెలవు మూడు రోజులే మిగిలిందనుకోండి, ఆ మూడు రోజులను శుక్రవారం నుంచి మొదలుపెట్టి, ఉద్యోగంలో వారం మధ్యలో చేరండి. మొదటి వారం పనిదినాలు తక్కువగా ఉంటాయి. తండ్రి కూడా రెండు రోజులు సెలవు పెడితే అలవాటు చేసే కాలం దాదాపు రెట్టింపవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నింటికన్నా ఎక్కువగా జరిగేది, చేరాల్సిన తేదీకి వారం ముందు వెతకడం మొదలుపెట్టి, దొరికిన మొదటి చోట అడ్వాన్సు కట్టేయడం. కట్టిన డబ్బు పోతుందని తరువాత నచ్చకపోయినా కొనసాగిస్తారు. చెప్పకుండా వెళ్లి చూసేదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

రెండోది, పెద్ద పిల్లలకు బాగున్న చోటు పసిబిడ్డకూ బాగుంటుందనుకోవడం. అక్కయ్య కొడుకు మూడేళ్లప్పుడు వెళ్లి రైమ్స్ నేర్చుకున్నాడంటే అది ఆరు నెలల బిడ్డ గది గురించి ఏమీ చెప్పదు. ఆ గదిని విడిగా చూడాలి.

మూడోది, సంకోచం. ఇన్ని ప్రశ్నలు అడిగితే బిడ్డను సరిగ్గా చూడరేమోనని భయపడి ఊరుకునేవారు ఎంతోమంది. శ్రద్ధగా నడిపేవారు ప్రశ్నలకు విసుక్కోరు. ఆయమ్మను మాత్రం గౌరవంగా పలకరించండి, రోజూ రెండు మాటలు మాట్లాడండి. బిడ్డ ఆ రోజు ఎలా ఉందో మీకు నిజంగా తెలిసేది ఆమె నోటి నుంచే.

సరిపడుతోందో లేదో ఎలా తెలుస్తుంది

చేర్చే రోజున బిడ్డను తూచి, బరువు నోట్‌బుక్‌లో రాయండి. నెల తరువాత అదే తూకం మీద మళ్లీ తూచండి. ఆరు నెలలు దాటిన బిడ్డ నెలకు సుమారు 300 గ్రాములు పెరుగుతుంది, కొందరిలో కాస్త అటూ ఇటూ ఉంటుంది. మొదటి నెలలో పెరుగుదల కొంచెం తగ్గినా ఆందోళన అక్కర్లేదు. బరువు తగ్గితే మాత్రం డాక్టరుకు చూపించి, పగటిపూట పాలు, ఉగ్గు ఎంత పోతోందో లెక్క అడగాలి. పాలే ఆహారమైన బిడ్డ రోజు మొత్తంలో కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. పంపిన డైపర్లెన్ని, తిరిగొచ్చినవెన్ని అని లెక్కిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడండి. తొడల సందుల్లో ఎర్రగా ఒరిసి ఉంటే డైపర్ సమయానికి మార్చడం లేదేమోనని అనుమానించాలి.

వదిలేటప్పుడు ఏడవడం ఒక్కటే చెడు గుర్తు కాదు. పది నిమిషాల్లో ఊరుకుంటే, సాయంత్రం మీరు వెళ్లేసరికి ఆయమ్మ చంకలో నిశ్చింతగా ఉంటే, బిడ్డ కుదురుకుంటోందన్నమాట. మొదటి ఆరు నెలలు జలుబు, దగ్గు తరచూ వస్తాయి. అది దాదాపు ప్రతి డే కేర్ బిడ్డకూ తప్పదు. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే ఇంట్లోనే ఉంచండి. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే తిరిగి పంపండి. విరేచనాలైతే ఓఆర్ఎస్, పాలు ఆపకుండా ఇస్తూ డాక్టరును కలవండి.

కొన్ని గుర్తులకు మాత్రం నెల రోజులు ఆగకూడదు. రోజూ సాయంత్రం బిడ్డ లేపినా లేవనంత మత్తుగా ఉండడం (నిద్ర మందు వేశారేమోనని అనుమానించి అదే రోజు డాక్టరుకు చూపించాలి), ఎలా తగిలాయో ఎవరూ చెప్పలేని కమిలిన గుర్తులు, ఒక ఆయమ్మను చూడగానే బిడ్డ బిగుసుకుపోవడం, మీరు లోపలికి వస్తానంటే కారణం చెప్పకుండా ఆపడం, వీటిలో ఏది కనిపించినా మరునాడు పంపవద్దు. గాయమో, మత్తో ఉంటే పిల్లల డాక్టరుకు గాని, ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగంలో గాని చూపించి, పరీక్షించిన కాగితం దగ్గర ఉంచుకోండి, గుర్తుల ఫొటోలు తేదీతో తీయండి. బిడ్డకు హాని జరిగిందన్న అనుమానం ఉంటే 1098 బాలల సహాయ నంబరుకు ఫోన్ చేయండి. అది రాత్రి పగలు పనిచేస్తుంది, డబ్బు పడదు. మిగిలిన అడ్వాన్సు సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు. ముందుగా జాబితాలో మీరు రెండో స్థానంలో ఉంచిన డే కేర్‌కు ఫోన్ చేసి, అలవాటు చేసే రోజులను మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టండి.